రష్యా నాయనమ్మ రెండు మాటలు

నందిగామలో, హైవే మీంచి ఊళ్ళోకి తిరిగే మలుపు దగ్గర, విత్తనాల షాపు పైన ఒక కన్సల్టెన్సీ ఉంది. మన పిల్లల్ని డాక్టర్ చదువుకు రష్యా పంపుతుంది. దాని యజమాని మొన్నమొన్నటి దాకా అదే హైవే పక్కన పత్తి చేలల్లో తెల్లరాళ్ళు పాతి ప్లాట్లు అమ్మాడు. ఆ ప్లాట్లలో ఇప్పటికీ సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేవలేదు. నేల మీద అమ్మడానికేమీ మిగలక ఆకాశం అమ్ముతున్నాడని నేను నలుగురిలో అంటూ వచ్చాను. ఆ మాట అతనికి చేరే ఉంటుంది. అయినా సిగ్గుపడకుండా ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీకు రష్యన్ వచ్చంటగా. ఒకసారి మన ఆఫీసుకి రావాలండి. పెద్దావిడ విషయం ఒకటి తేల్చుకోవాలి."

ఏ పెద్దావిడో చెప్పలేదు. నాకు రష్యన్ వచ్చిన మాట నిజం. కుర్రతనంలో గనుల చదువు కోసం ఆ దేశం వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నాను. తిరిగొచ్చి జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేసి రిటైరయ్యాను. రాయి పేల్చే ముందు సైరన్ మోగిస్తారు గానీ పంచాంగం చూడరు. ఆ ఒక్క కారణానికే ఆ ఉద్యోగం నాకు నచ్చింది. సెలవు రోజుల్లో వేదికలెక్కి దేవుడు లేడనీ, దయ్యం లేదనీ, వాస్తు బూటకమనీ వాదించాను. ఇప్పటికీ వాదిస్తున్నాను, పత్రికలకు రాస్తున్నాను. పేటలో నన్ను చూసి కొందరు దారి మార్చుకుంటారు. నాకదే మర్యాద.

వెళ్ళాను. ఆఫీసు గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. లోపల గోడ మీద ఉల్లిపాయ గోపురాల చర్చి బొమ్మ, దాని పక్కన తిథులూ వర్జ్యాలూ ఉన్న తెలుగు క్యాలెండర్. మూలన స్టీలు బీరువా. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ అందులో ఉంటాయి. ఒకసారి ఆ బీరువాలోకి వెళ్ళిన కాగితం యజమాని మనసు కరిగితే తప్ప బయటికి రాదు.

"కూర్చోండి మాస్టారూ. ఈయన మీ పేట షావుకారుగారే, బట్టల షాపు. ఈ పాప ఆయన కూతురు. ఈ పాప రష్యా సీటు గురించే" అన్నాడు యజమాని.

షావుకారు నాకు తెలుసు. నేను తన షాపు ముందు నుంచి పోతుంటే కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కునే మనిషి. ఆ రోజు మాత్రం లేచి నమస్కారం పెట్టాడు. అవసరం భక్తిని కూడా పక్కన పెట్టిస్తుంది.

సంగతి ఇది. ఆ అమ్మాయికి కౌన్సెలింగ్‌లో విజయవాడ అవతల పశువైద్య కాలేజీలో సీటొచ్చింది. శనివారం మధ్యాహ్నానికల్లా ఒరిజినల్స్‌తో వెళ్ళి చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. తండ్రికి ఆ సీటు అక్కర్లేదు. "గేదెల డాక్టరంటే సంబంధాలొస్తాయాండీ?" అని నన్నే అడిగాడు. రష్యాలో మనుషుల డాక్టర్ సీటు ఖాయమని యజమాని చెప్పాడు. ఖాయమేనా అని పాప పదేపదే అడుగుతుంటే, అక్కడి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే మేడమ్‌కి ఫోన్లో మెసేజ్ పెట్టారు. ఆవిడ రష్యన్‌లో ఏదో పంపింది. ఫోన్‌లోని యాప్ దాన్ని ఇంగ్లీషు చేసి పెట్టింది. ఆ ఇంగ్లీషుని యజమాని తెలుగు చేశాడు: పెద్దావిడ రెండు మాటలు చెప్పింది.

"మేడమ్‌గారి నాయనమ్మండి" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "మన ఫైలు ఆవిడ దగ్గరే ఆగింది. ఒక మాట మనకి అనుకూలం, ఒకటి కాదు. ఆ రెండోది కూడా మనవైపు తిప్పితే అయిపోద్ది."

"పెద్దోళ్ళు ఊరికే ఊఁ అనరండి" అన్నాడు షావుకారు. "మా ఇంట్లో మటుకు? మా అమ్మ చెప్పకపోతే షాపు బోర్డుకి రంగు కూడా మార్చను. అందుకే ఆవిడకో కంచిపట్టు చీర తీసి ప్యాక్ చేయించా. మామిడికాయ పచ్చడి కూడా పెడదామంటే, కారం తింటదో తినదో అని..."

"తింటది లెండి, చలి దేశం కదా" అన్నాడు యజమాని.

బీరువా మీద నిజంగానే ఒక ప్యాకెట్ ఉంది.

ఆ అమ్మాయి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నేను ఫోన్ తీసుకుని మెసేజ్ చదివాను. 'నాయనమ్మ రెండు రకాలుగా చెప్పింది' అన్నది రష్యాలో పాలవాడి దగ్గర్నుంచి ప్రొఫెసర్ దాకా అందరూ వాడే నానుడి. అవుతుందో అవదో ఎవరికీ తెలియదు అని దానర్థం. పాత రోజుల్లో సోది చెప్పే ముసలమ్మలు ఎటు జరిగినా చెల్లేలా రెండు మాటలు చెప్పేవాళ్ళని వెక్కిరింపు. ఇంతకు మించి ఏమీ లేదు.

"నాయనమ్మ లేదు" అన్నాను.

ఇద్దరూ నన్ను జాలిగా చూశారు.

"లేదంటే ఎట్టాగండి?" అన్నాడు షావుకారు. "మేడమ్‌గారే రాస్తే! ఇంగ్లీషులో కూడా పడింది కదా."

"అది సామెతయ్యా. ఆ సీటు సంగతి ఆవిడకే తెలియదని చెప్తోంది."

"మీరు అన్నీ లేవంటారు లెండి మాస్టారూ" అన్నాడు యజమాని నవ్వుతూ.

జీవితమంతా దేవుడు లేడని వాదించినవాణ్ణి. ఆ వాదనలో పండితులతో తలపడ్డాను, స్వాములతో తలపడ్డాను, రాళ్ళు వేయించుకున్నాను. ఒక నాయనమ్మ లేదని రుజువు చెయ్యడం అంతకన్నా కష్టమని ఆ రోజు తెలిసింది. దేవుడి విషయంలో కనీసం అవతలివాడు ఎప్పుడైనా ఒకసారి అనుమానపడతాడు. సిఫారసు విషయంలో మనవాడికి అనుమానమే రాదు. ప్రతి కుర్చీ వెనకా ఒక బంధువు ఉంటాడనీ, ఆ బంధువుకి ఒక రుచి ఉంటుందనీ, అది పట్టుకుంటే పని అయినట్టేననీ అతనికి ఉగ్గుపాలతో వచ్చిన జ్ఞానం. ప్రపంచం నడిచే తీరు గురించి మనవాడికున్న శాస్త్రమంతా ఇదే.

నేను లేవబోతుంటే యజమాని ఇంకో పని అప్పజెప్పాడు. ఆ మేడమ్ మాట్లాడితే ఇలాంటివే ఎక్కువట, సగం 'ఏమో' అన్నట్టు, సగం కలల మీద వెక్కిరింతలు. అందుకని అనుమానం గురించీ పగటికలల గురించీ రష్యావాళ్ళు వాడే నానుళ్ళన్నీ రాసి, ఎదురుగా ఇంగ్లీషు పెట్టి ఇమ్మన్నాడు. రష్యా వెళ్ళబోయే పిల్లలకి అక్కడే క్లాసు పెడతాడట, జిరాక్స్ తీసి అందులో పంచుతాడట.

"ఇంగ్లీషెందుకండీ? మాకందరికీ తెలుగొచ్చు కదా" అంది ఆ అమ్మాయి, కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి.

"తెలుగులో ఇస్తే పేరెంట్స్ దీన్ని ట్యూషన్ సెంటర్ అనుకుంటారమ్మా" అన్నాడు యజమాని.

ఆ ఒక్క ప్రశ్న కోసం ఒప్పుకున్నాను. గురువారం ఆ మేడమ్‌తో వీడియో కాల్ పెట్టిస్తే కాగితం తెస్తానన్నాను. ఆవిడ నోటితోనే తేలిపోతుందనుకున్నాను.

ఇంటికొచ్చి పనికి కూర్చున్నాను. 'పంగలకర్రతో నీళ్ళ మీద రాసిన రాత' అంటాడు రష్యావాడు, నిలవని మాట గురించి. ఇంగ్లీషువాడు అదే సంగతిని 'అప్ ఇన్ ది ఎయిర్' అని ముగిస్తాడు. నీళ్ళూ పోయాయి, కర్రా పోయింది, అర్థం మాత్రం మిగిలింది. పోనీ మాటకు మాట దించుదామా అంటే, మన యజమాని పంగలకర్ర కొని మునేరు గట్టుకి పోతాడు. 'సముద్రం ఒడ్డున వాతావరణం కోసం కూర్చోవడం' అని ఇంకోటి. చేతులు ముడుచుకుని ఏదో జరుగుతుందని చూసేవాడి గురించి. దాన్నలాగే ఇస్తే బందరు టిక్కెట్లు కొంటారు. మామూలుగా అనువాదకుడికి బొమ్మ పోగొట్టుకోవడం బాధ. ఇక్కడ బొమ్మ మిగిలితేనే ప్రమాదం. 'గురువారం వాన వెలిశాక' అన్నది, ఎప్పటికీ జరగదని చెప్పే చక్కని మాట, దాన్నసలు కాగితం మీదికే రానివ్వలేదు. గురువారం అన్న మాట కనబడితే చాలు, ఈ చుట్టుపక్కల కొబ్బరికాయలు పగులుతాయి.

పగటికలల దగ్గర మూడు భాషలకీ పెద్ద తేడా లేదు. రష్యావాడు గాలిలో కోటలు కడతాడు, ఇంగ్లీషువాడూ కోటలే, మనం మేడలు. గాలిలో కట్టడానికి పంచాయతీ అనుమతి అక్కర్లేదు కాబట్టి అందరూ కట్టారు. తేడా అంతా అనుమానం దగ్గరే వచ్చింది. రష్యావాడికి 'అవోస్' అని ఒక పొట్టి మాట ఉంది. ఏమో, కలిసొస్తుందేమో అని కళ్ళు మూసుకుని దూకేవాడి మాట. అది తెలివితక్కువ అని వాడికీ తెలుసు, దాని మీద వాడే బోలెడు జోకులు చెప్పుకుంటాడు. మన దగ్గర తెలియదు అనే మాటకే చోటు లేదు. పనికి బయల్దేరేవాడి ముందు 'అవుతుందో లేదో' అంటే అపశకునం. శుభం పలకరా అంటారు. డాక్టరు ఏమో అంటే డాక్టర్ని మారుస్తారు, మేస్త్రీ ఏమో అంటే మేస్త్రీని మారుస్తారు. తడుముకోకుండా ఖాయం అన్నవాడి కాళ్ళ మీద పడతారు. వెనక అలాంటివాడు పంచాంగం పట్టుకుని వచ్చేవాడు, ఇప్పుడు లాప్‌టాప్ పట్టుకుని వస్తున్నాడు. తాటాకు పోయి తెర వచ్చింది గానీ తెర ముందు కూర్చున్న తలకాయ అదే.

నాకు ఇంగ్లీషు మీద కూడా కోపం వచ్చింది. ఒక్కో నానుడికి నాలుగేసి మర్యాదైన మాటలున్నాయి దానికి. 'ఇట్ రిమెయిన్స్ టు బి సీన్' అని రాస్తే ఆ కన్సల్టెన్సీలో దాన్ని 'చూస్తున్నారు, అవుతుంది' అని చదువుతారు. రాసిందంతా కొట్టేశాను. అనుమానం గురించిన ప్రతి నానుడికీ ఎదురుగా 'నోబడీ నోస్' అని రాశాను. పగటికలల గురించిన ప్రతిదానికీ ఎదురుగా 'వేక్ అప్' అని రాశాను. నేను చేసిన అనువాదాల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకోటి లేదు.

గురువారం నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. తండ్రీ యజమానీ కింద టీ తాగుతున్నారు. కాగితం తీసుకుని చదివింది. ఒకచోట ఆగింది.

"ఇదేంటి సార్, ఆకాశంలో కొంగ కన్నా చేతిలో పిట్ట నయం?"

"ఉన్నది వదులుకోవద్దని."

"మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవడం. మనకీ ఉందిగా" అంది. కాగితం మడుస్తూ, "నేను ఒలకబోసుకోను సార్. వాళ్ళు ఒలకబోస్తున్నారు" అంది.

వత్సవాయి దగ్గర వాళ్ళ మేనమామకి పాడి ఉందట. ఒకసారి గేదెకి దూడ అడ్డం తిరిగితే డాక్టరొచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టి, సరిచేసి బయటికి తీశాడట. దూడ లేచి నిలబడేదాకా ఈ పిల్ల అక్కడే ఉందట. ఆ పని నేర్చుకోవాలని అప్పుడే అనుకుందట. ఈ కథలో తనకేం కావాలో, ఎందుకు కావాలో తెలిసిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. కాబట్టి సహజంగానే ఆమెను ఎవరూ అడగలేదు.

"మీరు నాన్నకి గట్టిగా చెప్పండి సార్. బీరువాలోంచి నా కాయితాలు ఇప్పించండి చాలు."

టీ తాగి ఇద్దరూ పైకొచ్చారు. కాల్ కలిసింది. తెర మీద మేడమ్, నడివయసు మనిషి, అలిసిపోయిన ముఖం, వెనక కుండీలో ఏదో మొక్క. నేను రష్యన్‌లో అడిగినదాన్నీ ఆవిడ చెప్పినదాన్నీ ఇంగ్లీషులో చెప్పాలనీ, దాన్ని తను తెలుగులో షావుకారుకు చెప్తాననీ యజమాని ముందే షరతు పెట్టాడు. విదేశీ వ్యవహారానికి ఆ బరువు ఉండాలట. ఎదురుగా కూర్చున్న మనిషికి, నాకూ అతనికీ పుట్టుకతో వచ్చిన భాషలో చెప్పాల్సిన మాట మూడు దేశాలు తిరిగి వెళ్ళాలి.

ఈ ఏడు సీట్లు ఉన్నాయా అని అడిగాను. పైనుంచి ఇంకా ఏమీ రాలేదనీ, వస్తుందో రాదో తను చెప్పలేననీ, పిల్లల్ని ఆశపెట్టొద్దని ఏజెంటుకి ముందే చెప్పాననీ ఆవిడ అంది. 'నోబడీ నోస్' అన్నాను. యజమాని షావుకారు వైపు తిరిగి, "పైనుంచి వస్తోందంటండి" అన్నాడు.

నేను షరతు తీసి అవతల పారేశాను. "వస్తోందని కాదు. వస్తుందో రాదో తెలియదంటోంది. శనివారం పిల్లని కాలేజీలో చేర్పించు" అని తెలుగులో, షావుకారు కళ్ళలోకి చూసి చెప్పాను.

"అది సరే, పెద్దావిడని అడగండి" అన్నాడు షావుకారు.

సరే, అదీ తేలిపోవాలనుకుని మేడమ్‌ని అడిగాను. మీ మాటని వీళ్ళు నిజంగా మీ నాయనమ్మ అనుకుంటున్నారు, ఒక్క మాట చెప్పండి అన్నాను. ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. తనకు నాయనమ్మ లేదనీ, తను బడికి వెళ్ళే వయసులోనే పోయిందనీ చెప్పింది. విజయం నాదే అనుకున్నాను. సాక్షి స్వయంగా చెప్పింది కదా.

"ఆవిడ నాయనమ్మ చనిపోయింది" అన్నాను.

షావుకారు చప్పున లేచి నిలబడ్డాడు. "అయ్యయ్యో! అదీ సంగతి. మైలలో ఉన్నారన్నమాట. అందుకే ఫైలు కదలట్లేదు."

"మనం తొందరపెట్టామండీ, తప్పు మనదే" అన్నాడు యజమాని. "దినవారాలు అవనిద్దాం."

"ఎప్పుడో పోయిందయ్యా, ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు!" అని అరిచాను.

"అయితే ఆబ్దికం వచ్చుంటదండి. ఏడాదికోసారి తప్పదుగా" అన్నాడు షావుకారు. తెర మీది మనిషికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఆవిడ కంగారుపడి తనూ తలవంచింది. కాల్ అయిపోయింది.

నా అనుభవంలో ఇది కొత్త కాదు. స్వామి తెప్పించిన విబూది చేతిలో దాచిందని పట్టుకుని చూపిస్తే, దాచుకోవడం కూడా లీలే అన్న జనం మధ్య పుట్టి పెరిగాను. రుజువు వాళ్ళ నమ్మకాన్ని పడగొట్టదు, దానికి మేత అవుతుంది. లేని నాయనమ్మని చంపి చూపిస్తే ఆవిడకి తద్దినం పెట్టారు. ఆ అమ్మాయి ముఖం వైపు చూడలేక మెట్లు దిగి బస్సెక్కేశాను. పేట దాకా సిమెంటు లారీల వెనక నడిచిన ఆ బస్సులో కూర్చుని, ఈ జాతికి తర్కం నేర్పడం కన్నా సున్నపురాయికి నేర్పడం తేలిక అనుకున్నాను. రాయి కనీసం ఎదురు చెప్పదు.

శనివారం ఉదయం మళ్ళీ వెళ్ళాను. ఆ కాయితాలు ఇవ్వకపోతే పోలీసు స్టేషన్‌కి పోతానని యజమానికి ముఖం మీద చెప్పడానికే వెళ్ళాను. నా చేతిలో, అతను అడిగిన నానుళ్ళ కాగితం సాపు ప్రతి కూడా ఉంది. నేను మొదలుపెట్టేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ముందు ఆ అమ్మాయి, భుజాన సంచీ. వెనక, రెయిలింగు పట్టుకుని రొప్పుతూ ఒక ముసలావిడ. షావుకారు తల్లి.

"రండి మామ్మగారూ, కూర్చోండి. నీళ్ళు తాగుతారా?" అన్నాడు యజమాని కుర్చీ లాగుతూ.

"నీళ్ళు నా దగ్గరున్నయ్యి. ఎవత్తె అది?" అంది ఆవిడ.

"ఎవరండీ?"

"అదే, ఆ రష్యా ముసల్ది. నేను బతికుండంగా, నా మనవరాలి చదువు గురించి రెండు మాటలు చెప్పేదానికి అదెవతి? రాత్రి పిల్ల చెప్తే నాకు కూడు సయించలా. నేను ఒకటే మాట చెప్తన్నా. పిల్ల ఇక్కడే చదువుద్ది. కాయితాలు తియ్యి."

"మరి షావుకారుగారు..."

"వాడు నా మాట దాటడు. ఫోన్ చేసుకో కావాలంటే."

ఫోన్ చేశాడు. అవతల ఏం వినపడిందో గానీ, "సరేనండి, సరేనండి" అంటూ బీరువా తెరిచాడు. పెద్ద కవరు బయటికొచ్చింది. అమ్మాయి ఒక్కో సర్టిఫికెట్టూ తీసి చూసుకుని సంచీలో పెట్టుకుంది. ముసలావిడ చూపు బీరువా మీది ప్యాకెట్ మీద పడింది.

"ఆ చీర మా షాపుదేనా?"

"అవునండి, ఆ రష్యా పెద్దావిడకని..."

"ఇటియ్యి."

చీర కూడా సంచీలోకి పోయింది. నేను చేయలేని పనిని ఒక ముసలమ్మ అసూయ చేసేసింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కన్నా చిరాకే ఎక్కువ కలిగింది. నాయనమ్మ లేదని వాదించి ఓడిపోయాను. ఉన్న నాయనమ్మ ఇంకో నాయనమ్మ మీద కోపంతో గెలిచింది. ఈ తీర్పులో కారణం ఎక్కడుంది? గేదె గురించి ఎవరైనా ఒక్క మాట మాట్లాడారా?

ముసలావిడ నా వైపు తిరిగింది. "దేవుడు లేడని తిరిగే ఆయనవి నువ్వేగా?"

"నేనేనండి."

"పాపం. ఏమీ తోచదేమో" అంది.

లేవబోయి మళ్ళీ కూర్చుంది. "ఆగవే. వర్జ్యం ఉన్నట్టుంది ఇయ్యాళ. అది పోయిందాకా గడప దాటేది లేదు. ఆ క్యాలెండర్ చూడు."

గోడ మీది గడియారం పది దాటింది. మధ్యాహ్నానికి విజయవాడ అవతల ఉండాలి. నా ఒళ్ళు మండిపోయింది. బీరువా నుంచి, తండ్రి నుంచి, రష్యా నుంచి తప్పించుకొచ్చిన సీటు చివరికి క్యాలెండర్లో ఆవగింజంత అచ్చు మీద ఆగింది. వర్జ్యం గురించి నా దగ్గర ఒక గంట ఉపన్యాసం సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను.

అమ్మాయి గోడ దగ్గరికెళ్ళి ఆ రోజు గడి మీద వేలు పెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వేలి పక్కన స్పష్టంగా కనబడుతోంది, వర్జ్యం పదకొండున్నర దాకా.

"తొమ్మిదింటికే అయిపోయింది నాయనమ్మా" అంది.

యజమాని కూడా ఆ గడి చూశాడు. వేలెత్తి, "కాదమ్మా, ఇంకా..." అని మొదలుపెట్టాడు.

"ఇదిగోనయ్యా నీ సామెతలు!" అని నేను గట్టిగా అరిచి, కాగితం అతని ముఖానికి అడ్డంగా పెట్టాను.

ముసలావిడ మోకాళ్ళ మీద చేతులూనుకుని లేచింది. ఇద్దరూ మెట్లు దిగారు. కిటికీలోంచి చూస్తుంటే కింద ఆటో ఆపుకున్నారు. ముందు ముసలావిడని ఎక్కించి, చీరా సర్టిఫికెట్లూ ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని పిల్ల ఎక్కింది. ఆటో హైవే వైపు తిరిగింది.

వెనక యజమాని కాగితం పైనుంచి కిందికి చదువుతున్నాడు.

"ఇదేంటి మాస్టారూ," అన్నాడు, "వరసగా అన్నిటికీ రెండే మాటలు రాశారు?"

"అన్నిటికీ ఒకటే అర్థం" అన్నాను.